ఊటీ ఫెర్నూ, మా యింటి నల్లోడూ

కోయంబత్తూరులో కాపురముంటూ ఊటీకి వెళ్ళివచ్చిన సంగతి వ్రాయడమంటే, బెజవాడలో ఉంటూ కృష్ణ చూచి వచ్చానని చెప్పుకున్నట్లుంటుంది. మా తాతగారి కాలం నుంచీ మేము ఈ ఊరివాళ్ళమే. మిట్ట మధ్యాహ్నం మేడమీద నిలబడితే నీలగిరులు కనబడుతూనే ఉంటాయి. అయినా నలభై అయిదేళ్ళ వయసులో నేను చేసిన ఈ ఊటీ ప్రయాణం కొండలు చూడడానికి కాదు. ఒక పూలతొట్టి మొక్క మా కుక్కకు మంచిదా, చెడ్డదా అని తేల్చుకోవడానికి. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వి ముందుకు సాగవచ్చును.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. దాని స్నేహితురాలి యింటి వసారాలో ఒక ఫెర్న్ మొక్క వ్రేలాడుతూ ఉన్నదట. ఆకులు జడలు విప్పినట్లు నాలుగు వైపులా జారుతూ, చూస్తేనే కళ్ళకు చల్లగా ఉన్నదట. మన యింట్లోనూ అటువంటిది ఉండవలసిందేనని పట్టుపట్టింది. నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా మా అమ్మది. “మొక్క తెస్తావో మానతావో నీ యిష్టం నాయనా. నల్లోడి నోటికి అందేది మాత్రం ఏదీ గడప లోపలికి రానివ్వను” అన్నది.

నల్లోడు మా కుక్క. వీధిలో దొరికిన నాటు కుక్క. పక్కింటి అరవవారు వాణ్ణి కరుప్పు అంటారు, మేము నల్లోడంటాము. రెండు భాషలలో పిలిచినా వాడు తోక ఆడిస్తూ వస్తాడు; ఆ మాటకు వస్తే మేమూ అంతే గదా. రాజపాళయంలోని స్నేహితు డొకరు ఆ ఊరి పేరుగల తెల్ల వేటకుక్క పిల్లను ఇప్పిస్తానని చాలాసార్లు అన్నారు. అది ఘనమైన జాతి. అక్కడి తెలుగు రాజుల కుటుంబాలు తరతరాలుగా పెంచుతూ వచ్చినది. 2005లో తపాలా శాఖవారు దాని బొమ్మతో బిళ్ళ కూడ విడుదల చేశారు. కాని మా అమ్మకు నల్లోడే కావాలి.

అమ్మ భయానికి కారణం ఉన్నది. అది వ్రాయకుండా మిగిలినది వ్రాస్తే కథ కుదరదు. నల్లోడికి ముందు మా యింట జిమ్మీ అని ఒక కుక్క ఉండేది. 2019లో, గులాబీలు ఏపుగా పూస్తాయని ఎవరో చెప్పగా, నేను ఆముదపు చెక్క కొనితెచ్చి తొట్లలో కలిపాను. ఇక్కడివారు దాన్ని ఆమణక్కు పుణ్ణాక్కు అంటారు. మొక్కలకు అది మంచి ఎరువే. కాని ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉన్నది. నూనె తీసిన తరువాత ఆ విషం నూనెలోకి పోదు, చెక్కలోనే ఉండిపోతుంది. పైగా ఆ వాసన కుక్కలకు ఎంతో యిష్టం. జిమ్మీ రాత్రికి రాత్రి రెండు తొట్లు త్రవ్వి తిన్నది. మరునాటికి వాంతులు, నెత్తురు విరేచనాలు. మూడవ నాడు పోయింది. ఏ విషం తిన్నదో డాక్టరుగారు అడిగినప్పుడు నాకు తెలియదనే చెప్పాను; నిజంగా అప్పటికి తెలియదు. రెండవ రోజున తొట్టిలో గోతులు చూచి చెప్పాను. అప్పటికే ఆలస్యమైనది. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కాని కొన్ని నెలలపాటు భోజనాలయ్యాక గుప్పెడు పెరుగన్నం పెరటి గుమ్మం దాకా తీసుకువెళ్ళి, మళ్ళీ వెనక్కు తెచ్చి గిన్నెలో వేసేది. తిట్టినా బాగుండునని నాకు తోచేది.

అందుచేత ఈసారి తెలిసిన తరువాతనే తొట్టి కొనాలని నిశ్చయించుకున్నాను. మా తోడల్లుడు కూనూరులో ఉద్యోగం. 2025 మే మొదటి వారంలో పిల్లకు సెలవులు. ఆఫీసులో మూడు రోజులు సెలవు పెట్టి, అమ్మను నల్లోడికి, నల్లోడిని అమ్మకు అప్పగించి బయలుదేరాము.

మేట్టుపాళయంలో ఉదయం 7 గంటల 10 నిమిషాలకు కొండరైలు. కారులో వెళ్ళేవారికి 2024 మే నుంచి ఈ-పాస్ పద్ధతి వచ్చింది. రైలుకు ఆ బెడద లేదు, టిక్కెట్టు దొరకడమే బెడద. ఈ దారి 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. మొత్తం 46 కిలోమీటర్లు. మేట్టుపాళయం 326 మీటర్ల ఎత్తున ఉంటే ఊటీ స్టేషను 2,203 మీటర్ల ఎత్తున ఉన్నది. కల్లారు దాటిన తరువాత పట్టాల మధ్యనున్న పళ్ళ చట్రంలో ఇంజను పళ్ళచక్రం చిక్కుకొని ఎక్కుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనకనుంచి నెడుతుంది. మా ఆఫీసులో పనులు నడిచేదీ ఈ పద్ధతిలోనే గనుక నాకు వింత అనిపించలేదు. 2005లో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చారు.

మిగిలినవారు లోయలు చూస్తూ, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడుతూ ఉంటే, నేను రాతిగోడల వంకనే చూస్తూ కూర్చున్నాను. దారి కోసం తొలిచిన బండల మీద, నీరు చెమ్మగిలిన ప్రతి చోటా ఫెర్నులే. వ్రేలంత చిన్నవీ, గొడుగంత పెద్దవీ. ఇన్నాళ్ళూ ఈ దారిన వెళ్ళినా వీటిని గడ్డికింద జమ కట్టాను. అరవంలో వీటిని పెరణి అంటారు. తెలుగులో మా అమ్మను అడిగితే “అడవి ఆకు” అన్నది. అంతకుమించి పేరు పెట్టవలసిన అవసరం మెట్టప్రాంతపు వారికి ఏముంటుంది!

కూనూరులో దిగి ఆ పూట తోడల్లుడిగారింట విశ్రమించి, సాయంకాలం సిమ్స్ పార్కుకు వెళ్ళాము. మద్రాసు ప్రభుత్వంలో కార్యదర్శిగా ఉండిన సిమ్ అనే దొర పేరున 1874లో ఏర్పడిన తోట అది. లోయలోకి మెట్లు మెట్లుగా దిగుతుంది. అక్కడ మొదటిసారి చెట్టు ఫెర్నును తీరికగా చూశాను. దూరానికి తాటిచెట్టు పిల్లలా ఉంటుంది. దగ్గరకు వెళితే మాను నల్లగా, పీచుపీచుగా, పైన గొడుగులా ఆకులు. నడిమధ్య కొత్త ఆకు ఇంకా విచ్చుకోలేదు. ముడుచుకొని కుక్క తోకలా చుట్టుకొని ఉన్నది. “నాన్నా, నల్లోడి తోక!” అన్నది మా అమ్మాయి. కుక్క తోక వంకర ఎన్నటికీ పోదంటారు గాని, ఫెర్న్ తోక మాత్రం నాలుగు రోజులకు తిన్నగా సాగి ఆకవుతుంది. నిజమైన ఫెర్నుకు మొదటి గుర్తు ఇదేనని తరువాత తెలిసింది.

మరునాడు బస్సులో ఊటీ. కూనూరునుంచి సుమారు 19 కిలోమీటర్లు. ఊటీలో ఫెర్న్‌హిల్ అని ఒక ప్రాంతమే ఉన్నది, మైసూరు మహారాజుల భవనం అక్కడిదే. ఫెర్నుల పేరున కొండకే పేరు పెట్టినచోట నా సందేహం తీరకపోతే మరెక్కడా తీరదనుకున్నాను. దొడ్డబెట్ట కొండ దిగువన ఉన్న ప్రభుత్వ వృక్షోద్యానం 1848లో మెకైవర్ అనే తోటపని నిపుణుడి చేతిమీదుగా రూపొందినది. విస్తీర్ణం 22 హెక్టార్లు. మే నెలలో ఇక్కడ పుష్ప ప్రదర్శన, ఊళ్ళో శునక ప్రదర్శన రెండూ జరుగుతాయి. మేము వెళ్ళేనాటికి రెండూ మొదలు కాలేదు. ప్రదర్శనకు వేలకొద్దీ తొట్లు వరుసలు తీరుస్తున్నారు. రెండు కోట్ల సంవత్సరాలనాటి రాయిగా మారిన మాను ముందు నిలబడి అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. మేమూ తీసుకున్నాము. తరువాత తిన్నగా ఫెర్నుల యింటికి.

అక్కడి వెలుతురు వేరు. ఎండ లోపలికి జల్లెడ పట్టినట్లు దిగుతుంది. తడిమట్టి వాసన. వందకు పైగా రకాలు. దుప్పికొమ్ములవంటి ఆకులతో చెక్కకు అతుక్కున్నవి కొన్ని, పక్షిగూడువలె గుండ్రంగా లేచినవి కొన్ని. నల్లని మెరిసే కాడ మీద చిన్న చిన్న పచ్చని రెక్కలు గల మొక్క ఒకటి నాకు అన్నిటికన్న అందంగా తోచింది. మన వైద్యులు హంసపాది అనేది ఆ కుటుంబంలోదే. ఫెర్నులు పుష్పించవు, కాయవు. పూలమొక్కలు పుట్టక పూర్వమే, ముప్పై అయిదు కోట్ల సంవత్సరాల క్రిందటికే ఇవి నేల మీద ఉన్నాయి. మద్రాసు అటవీశాఖలో పెద్ద ఉద్యోగం చేసిన బెడోమ్ అనే దొర 1863 ప్రాంతంలోనే దక్షిణ భారత ఫెర్నుల మీద బొమ్మలతో సహా గ్రంథం వెలువరించాడు. అడవి కాపలా చూచుకుంటూ ఆ పని ఎలా చేశాడో! నేను ఒక్క పెన్షను ఫైలు పూర్తిచేయడానికి మూడు వారాలు పడుతుంది.

నీళ్ళు చల్లుతున్న తోటమాలి ఒకాయన, వయస్సు మళ్ళినవాడు, బడగ జాతివాడు, నా వాలకం చూచి ఏమి వెదుకుతున్నారని అరవంలో అడిగాడు. నేను కుక్క సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ ఒక్క కారణంచేత నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

“సామీ, ఈ యింట్లో తొట్లలో ఉన్నవాటితో మీకు భయం లేదు. భయపడవలసింది రెండే. ఒకటి కొండమీద ఉంది, ఒకటి బయట అంగడిలో ఉంది” అన్నాడు.

కొండమీదిది బ్రాకెన్ అనే మోటు ఫెర్న్. గడ్డి వాలుల్లో నడుము ఎత్తున పెరిగే మొక్క. దాని విషం పశువులకు ప్రాణాంతకం. ఎంతోకాలం మేసిన ఆవులకు మూత్రాశయంలో పుండ్లు, కంతులు పుట్టి మూత్రం ఎర్రగా పోస్తాయి. తన చిన్నతనంలో వాళ్ళ యింటి ఆవు ఒకటి అలాగే చిక్కి పోయిందని చెప్పాడు. అప్పుడు దిష్టి అనుకున్నారట. నీలగిరులలో ఈ జబ్బు పశువైద్యులు ఎరిగినదే. ఆ మొక్కలోని టాక్విలోసైడ్ అనే పదార్థం దీనికి మూలమని శాస్త్రజ్ఞులు తేల్చారు. గుర్రాలకైతే అదే మొక్క బి1 విటమినును నాశనం చేసి కాళ్ళు తూలేటట్లు చేస్తుంది. కుక్కలు దాన్ని మేయవు గాని, కొండ యెక్కి వేరుతో పెకలించి తెచ్చి తొట్టిలో పెట్టుకునే తెలివి గలవారు మనలో లేకపోలేదు. మా అమ్మాయి అప్పటికే దారిలో ఒక మొక్క మీద కన్నువేసి ఉంచింది. ఆ ఆలోచన అక్కడే మానుకున్నది.

రెండవదాని గుట్టు కూడ ఆయనే చెప్పాడు. ఒక తొట్టిలోని ఆకు తిరగేసి వెనకవైపు చూపించాడు. గోధుమరంగు చుక్కలు బారులు తీరి ఉన్నాయి. పురుగు గుడ్లేమో అనుకున్నాను. అవే దాని సంతానబీజాలట. “ఆకు వెనక చుక్కలుండాలి. లేత ఆకు చుట్టలా పుట్టాలి. పువ్వు, పండు, ముల్లు ఉండకూడదు. ఈ మూటిలో ఒకటున్నా అది ఫెర్న్ కాదు, అంగడివాడు ఏమి చెప్పినా సరే” అన్నాడు. చుక్కలు ప్రతి ఆకుకూ ఉండవని, లేత మొక్కకు అసలే ఉండకపోవచ్చునని కూడ చేర్చాడు.

బయట మొక్కల అంగడిలో ఆ మాట విలువ తెలిసింది. అక్కడ ఈకలాంటి ఆకుగల ప్రతిదీ ఫెర్నే. అంగడివాడు మా ముందు మూడు తొట్లు పెట్టాడు. ఒకటి మా అమ్మాయి కోరిన, జడలు విప్పినట్లుండే బోస్టన్ ఫెర్న్. రెండవది దూదివలె మెత్తగా, సన్నని పచ్చదారపు పోగులతో అల్లినట్లున్నది. పెండ్లిళ్ళలో పూలగుత్తుల వెనక కట్టేది అదే. మూడవది పొట్టిగా, గట్టి ఆకులతో చిన్న ఈతచెట్టులా ఉన్నది. మా ఆవిడకు రెండవదే నచ్చింది. వెల కూడ తక్కువ. “ఇంట్లో కుక్క ఉందయ్యా” అన్నాను. “మూడూ మంచివే సార్, కుక్కకేమీ కాదు” అన్నాడు అతను, నా ముఖమైనా చూడకుండా.

నేను రెండవదాని కాడ వ్రేళ్ళతో తడిమాను. ముల్లు గుచ్చుకున్నది. ఆకుల సందున ఎండిన చిన్న పండు ఒకటి ఉన్నది. అంగడివాడి మాట నమ్మి ఉంటే మరొక జిమ్మీ కథ అయ్యేదని అప్పుడే గుండె జల్లుమన్నది. తరువాత తెలిసినదేమిటంటే, అంత మాట కాదు గాని, అది నిజంగానే చేటు చేసే మొక్కే. దాని పేరు ఆస్పరాగస్ ఫెర్న్. పేరులో తప్ప ఫెర్నుతో దానికి బంధుత్వం లేదు. మన పిల్లితేగలకు, అంటే ఆయుర్వేదంలోని శతావరికి, అది దగ్గర చుట్టం. అరవంలో తణ్ణీర్ విట్టాన్ కిళంగు అనేదే మన పిల్లితేగలు. పండ్లు తిన్న కుక్కకు వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి; రోజూ ఒళ్ళు రాచుకుంటే చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. పిల్లి పేరు పెట్టుకున్న వంశం కుక్కమీద పగ తీర్చుకోవడం సహజమే కాబోలు!

మూడవది అంతకన్న ఎన్నోరెట్లు చెడ్డది. అది సైకస్. లేత ఆకు చుట్ట చుట్టుకొని ఉంటుంది గనుక ఫెర్నని భ్రమపడేవారున్నారు. మా కోయంబత్తూరులో కొత్త బంగళాల గేటుకు రెండు పక్కలా ఇదే ఉంటున్నది. దీనికి సాగో పామ్ అనే పేరు కూడ ఉన్నది. సేలంలో మన సగ్గుబియ్యం తయారయ్యేది కర్రపెండలం దుంపతో. దానికీ దీనికీ సంబంధం లేదు. సైకస్‌లో అన్ని భాగాలూ విషమే. గింజ మరీ విషం. ఒకటి రెండు గింజలు తిన్నా కుక్క కాలేయం పాడై చచ్చిపోవచ్చును. నేను బోస్టన్ ఫెర్న్ ఒక్కటే తీసుకొని, మిగిలిన రెండింటినీ ఫోనులో ఫోటో తీసుకున్నాను. మా ఆవిడ ఆ సాయంకాలం దాకా నాతో ముభావంగానే ఉన్నది.

కొనివచ్చినా యింటికి నేరుగా తేలేదు. కోయంబత్తూరులో దిగీ దిగగానే తొట్టితో సహా పశువుల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. జిమ్మీని చూచినవారే. గుర్తుపట్టారు. ఆకు తిరగేసి చూచి, “ఇది మంచిదే. ధైర్యంగా పెట్టుకోండి” అన్నారు. 1866లో స్థాపితమైన అమెరికా జంతు హింసా నివారణ సంఘంవారు ఇళ్ళలో పెంచే మొక్కల విషగుణాలను పరిశీలించి జాబితాలు ఉంచుతారట. బోస్టన్ ఫెర్న్, దుప్పికొమ్ము ఫెర్న్, పక్షిగూడు ఫెర్న్, ఆ హంసపాది జాతి, అన్నీ అందులో కుక్కకూ పిల్లికీ నిరపాయమైనవిగానే ఉన్నాయట. బోస్టన్ ఫెర్న్ చరిత్ర కూడ ఆయన చెప్పారు. 1894 ప్రాంతంలో ఫిలడెల్ఫియానుంచి బోస్టనుకు పంపిన తొట్లలో ఒకటి తక్కినవాటివలె నిటారుగా లేక, కిందికి జారుతూ కనబడిందట. నేటి మొక్కలన్నీ దాని సంతతే.

“మొక్క మంచిదే. తొట్టి మంచిదా?” అని అడిగారు ఆయన. నాకు ముఖం చెల్లలేదు. ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు, ఉన్నమాటే అడిగారు. మొక్కల అంగళ్ళలో పురుగు రాకుండా మట్టిలో మందు గుళికలు వేస్తారు. అవి కుక్క నోట పడితే ఆముదపు చెక్కకు తీసిపోవు. అడుగు పళ్ళెంలో నిలిచిన నీళ్ళు కూడ కుక్క తాగుతుంది. అందుచేత వచ్చిన మట్టి అంతా పారవేసి, వేర్లు కడిగి, ఎర్రమట్టి, కొబ్బరిపీచు పొడి, వానపాముల ఎరువు కలిపి కొత్తగా నాటమన్నారు. ఎముకల పొడి వేయవద్దన్నారు, వాసనకు త్రవ్వుతుందని. నిరపాయమైన ఆకైనా కడుపునిండా తింటే పీచు పడక కక్కవచ్చును, దానికి భయపడవద్దన్నారు. ఏ మొక్కైనా తిని కుక్క నీరసపడితే ఉప్పునీళ్ళు పోయడంవంటి సొంత వైద్యాలు చేయక, తిన్న మొక్క కొమ్మ ఒకటి చేతబట్టుకొని వెంటనే రావాలన్నారు. “ఈసారి కొమ్మతో రండి, గోతుల సంగతి మూడో రోజున చెప్పకుండా” అన్నారు నవ్వుతూ. రెండో రోజున చెప్పానండీ అనబోయి ఊరుకున్నాను. ఊరికే మనీప్లాంటు ఏదైనా ఉన్నదా అని కూడ విచారించారు. ఉన్నది. అది నమిలితే నోరు మండి చొంగ కారుతుందట. దాన్ని ఆ సాయంకాలమే మేడమీదికి చేర్చాను.

మొక్కను వసారాలో కొక్కేనికి వ్రేలాడదీశాము. మా అమ్మ రెండు రోజులు దానివంక అనుమానంగా చూసింది. మూడవ నాడు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుండగా కేక వేసింది. నల్లోడు జారిన ఆకొకటి అందుకొని సగం నమిలాడు. అయిదు నిమిషాలలో గుమ్మంలో పట్టామీద పచ్చగా కక్కాడు. అమ్మ ముఖం పాలిపోయింది. డాక్టరుగారి మాట నేను పదిసార్లు చెప్పినా వినలేదు. ఆ మాట మీద నమ్మకమున్న నాకే కాళ్ళు ఆడలేదు. ఆఫీసుకు ఫోను చేసి అరపూట సెలవు అడిగాను. ఎవరికి ఒంట్లో బాగులేదని అడిగితే, ఇంట్లోవాళ్ళకని చెప్పాను. అమ్మ, నేను, వాడు ముగ్గురమూ వసారాలో కూర్చున్నాము. పదకొండు గంటలకు వాడు లేచి ఒళ్ళు విరుచుకొని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తోక ఆడించాడు. అమ్మ పెరుగన్నం కలిపి తెచ్చింది. గిన్నె నాకి మళ్ళీ అడిగాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆఫీసుకు వెళ్ళి వచ్చేసరికి కొక్కెం మూరెడు పైకి జరిగి ఉన్నది. పక్కింటి అబ్బాయిని నిచ్చెనతో పిలిపించి అమ్మే వేయించిందట. ఇప్పుడు దానికి నీళ్ళు పోయాలంటే స్టూలు ఎక్కాలి. ఆ పని మా అమ్మాయిది. బియ్యం కడిగిన నీళ్ళు దానికోసమని అమ్మ విడిగా ఒక చెంబులో తీసి ఉంచుతున్నది. నల్లోడు తిన్నాకనే పోయాలట.